పట్టు వదలడం నేర్పే కమ్మీ: మా అపార్ట్‌మెంట్ బ్యాలెన్స్ క్లాసు డైరీ

ఆషాఢం, గిరి ప్రదక్షిణ అయిన వారం

విశాఖపట్నం మాధవధారలో మా అపార్ట్‌మెంటుకి ఒక కమ్యూనిటీ హాలుంది. అసోసియేషన్ మీటింగుల్లో తగువులు పడటానికి తప్ప దాన్ని దేనికీ వాడం. అందులో ఒక గోడ వారగా స్టీలు కమ్మీ బిగించి, అరవై దాటినవాళ్ళ చేత వారానికి మూడు పూటలు బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులు చేయించాలన్నది ప్రాజెక్టు. ఫిజియోథెరపిస్టు ఒకమ్మాయి మా బి బ్లాకులోనే ఉంటుంది. చేయించేది ఆ అమ్మాయి. కొలతలు, బిగింపులు, కుర్చీలు, టేపు, రిజిస్టరు నా వంతు. స్టీల్ ప్లాంట్‌లో మెకానికల్ మెయింటెనెన్స్‌లో చేసి రిటైరయినవాణ్ణి, చేతికి పని తగిలితే నాకూ బాగానే ఉంటుంది.

పడటాలు మా బ్లాకుల్లో కొత్త కాదు. కాకపోతే పడ్డవాళ్ళు చెప్పరు. "మా అబ్బాయి చెవిన వెయ్యకండి, మళ్ళీ డల్లాస్ నుంచి వీడియో కాల్లో క్లాసు పీకుతాడు" అంటూ నడుముకి బామ్ రాసుకుని ఊరుకుంటారు. తర్వాత మెల్లగా మేడ మీదకి వెళ్ళడం మానేస్తారు, గుడికి మానేస్తారు, ఆఖరికి కిందికి దిగడమే మానేస్తారు. ఫిజియో అమ్మాయికి ఎక్కువ భయం దీని గురించే. పడతామన్న టెన్షన్‌తో కదలడం తగ్గిస్తే కాళ్ళలో బలం పోతుంది, బలం పోతే నిజంగానే పడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కింద పడి చనిపోయేవాళ్ళు ఏటా 6 లక్షల 84 వేల మంది. అందులో పెద్ద వాటా అరవై దాటినవాళ్ళదే.

సెక్రటరీ గారు మీటింగులో ఒక అభ్యంతరం లేవదీశారు. "అందరూ పొద్దున్నే వాకింగ్ చేస్తున్నారు కదండీ, మళ్ళీ ఇదేటి?" న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు పోర్టు బాబాయి గారి రూపంలో దొరికింది. పోర్టులో పని చేసి రిటైరయ్యారు కాబట్టి అందరికీ ఆయన పోర్టు బాబాయే. 74 ఏళ్ళు. ఈ ఏడు కూడా సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచారు. కొండ కింద మెట్ల మొదట్లో ఉండే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, హనుమంతవాక, అప్పూఘర్ మీదుగా ఊరంతా చుట్టి, తెల్లారేసరికి మళ్ళీ కొండ కిందికి చేరుకున్నారు. అలాంటి మనిషిని ఫిజియో అమ్మాయి హాల్లో గచ్చు మీద గీత గీసి, ఒక పాదం మడమకి ఇంకో పాదం బొటనవేలు ఆనించి పది సెకన్లు నిలబడమంది. నాలుగు సెకన్లు కాకుండానే చెయ్యి గోడ మీద పడింది. "రాత్రంతా నడిచిన కాళ్ళమ్మా ఇవి" అని ఆయనకి రోషం వచ్చింది. మళ్ళీ నిలబడ్డారు. మళ్ళీ గోడే.

నడక గుండెకీ షుగరుకీ మంచిదే, ఎవరూ కాదనరు. అయితే చదును రోడ్డు మీద తిన్నగా ముందుకు పోయే నడకలో ఒళ్ళు తూలే సందర్భమే రాదు. తూలబోయినప్పుడు సర్దుకోవడం వేరే విద్య. దాన్ని విడిగా సాధన చెయ్యాలి, పైగా తూలబోయే అంచు దాకా వెళ్ళి సాధన చెయ్యాలి. కాక్రేన్ అనే అంతర్జాతీయ బృందం 2019లో 108 ప్రయోగాలను, 23 వేల పైచిలుకు మంది పెద్దవాళ్ళ వివరాలను కలిపి చూసిందని ఫిజియో అమ్మాయి మీటింగులో చెప్పింది. వ్యాయామం చేసినవాళ్ళలో పడటాలు 23 శాతం తగ్గాయి. ఆ తగ్గుదలకి గట్టి రుజువు దొరికింది బ్యాలెన్స్ కసరత్తులకీ, కూర్చుని లేవడం లాంటి రోజువారీ కదలికలకీ. ఒట్టి నడకతో పడటాలు తగ్గుతాయా అంటే తేల్చి చెప్పేంత రుజువు దొరకలేదు. సెక్రటరీ గారు ఇంకేమీ మాట్లాడలేదు. కమ్మీకి డబ్బు శాంక్షన్ అయింది.

శ్రావణం, కమ్మీ పని

ముందు పైపు సంగతి. మన ఊళ్ళో సముద్రపు గాలికి క్రోమ్ పూత పూసిన ఇనుప గొట్టం ఎక్కువ కాలం ఆగదు, బ్రాకెట్ల దగ్గర మొదలుపెట్టి పొట్టు లేస్తుంది. అందుకని ఖరీదైనా 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకున్నాను. గొట్టం లావు 38 మిల్లీమీటర్లు, అంటే అంగుళంన్నర. ఇంతకన్నా లావైతే ఆడవాళ్ళ వేళ్ళు చుట్టూ తిరగవు. మరీ సన్నగా ఉంటే కీళ్ళవాతం ఉన్న చేతికి పట్టు చిక్కదు.

ఎత్తు దగ్గర కాసేపు వాదన నడిచింది. మెట్ల రెయిలింగులకి సాధారణంగా 34 నుంచి 38 అంగుళాలు పెడతారు. మా క్లాసుకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అయిదడుగుల లోపు మామ్మలే కాబట్టి 34 దగ్గర ఆపాం. గోడకీ కమ్మీకీ మధ్య ఖాళీ అంగుళంన్నరే ఉంచాను. ఇంకా ఎక్కువ ఖాళీ ఉంటే సౌకర్యం కదా అంటారు, కానీ పడబోయే మనిషి చెయ్యి ఆ సందులోకి జారి మోచేతి దాకా ఇరుక్కుందంటే ఎముక విరుగుతుంది. కొసలు కోసి అలాగే వదిలేస్తే పమిట చెంగు తగులుకుంటుంది. అందుకే ఆటోనగర్‌లో రెండు కొసలూ గోడవైపుకి వంపించి వెల్డింగ్ చేయించాను. వెల్డింగ్ కుర్రాడు "ఫంక్షన్ హాలుకా సార్?" అనడిగాడు. విషయం చెప్తే వాళ్ళమ్మ బాత్రూములో పెట్టడానికి ఒక చిన్న కమ్మీ కొలతలు రాయించుకున్నాడు.

బిగింపులో నాకున్న పట్టుదల ఒక్కటే: బరువు పడేది కాంక్రీటు మీదే కావాలి. హాల్లో రెండు పిల్లర్లున్నాయి, ప్రధాన బ్రాకెట్లు వాటికే. మధ్యలో ఫ్లై యాష్ ఇటుక గోడ. అక్కడ బెజ్జం ఇటుక నడిబొడ్డున వేశాం, సిమెంటు అతుకులో వేస్తే యాంకర్ బోల్టు ఊడొస్తుంది. తేలిక బ్లాకుల గోడ ఉన్న ఫ్లాట్లలో మామూలు యాంకర్ నిలవదు, జిగురు మందుతో పట్టే కెమికల్ యాంకర్ వాడాలి. అన్నీ బిగించాక వాచ్‌మనూ నేనూ ఇద్దరం కలిసి కమ్మీకి వేలాడి చూశాం. కదల్లేదు.

కుర్చీలు. ప్లాస్టిక్ కుర్చీలు హాల్లోకి రానివ్వనన్నాను. లేచేటప్పుడు వెనక్కి జారతాయి. చేతులు లేని స్టీలు కుర్చీలు, కూర్చునే చోటు నేల నుంచి 17 అంగుళాలు, వెనక గోడకి ఆనించి. గచ్చు మీద ప్లాంట్లో వాడే పసుపు టేపు: మూడు మీటర్ల గీత ఒకటి, మడమ-వేలు నడకకి ఇంకొకటి, మూలగా తొమ్మిది గడులు. ఆ గడులు చూడగానే ఆడవాళ్ళ మొహాలు వెలిగాయి. "తొక్కుడు బిళ్ళా!"

వరలక్ష్మీ వ్రతం అయ్యాక, రిజిస్టరు

అందర్నీ వాడుతున్న మాత్రలు ఒక కవర్లో వేసుకుని రమ్మంది ఫిజియో అమ్మాయి. మెడికల్ షాపులో ఉన్నన్ని రకాలు వచ్చాయి. బీపీవి, ప్రోస్టేట్‌వి, నీరు తియ్యడానికి వేసుకునేవి, నిద్రమాత్రలు. నిద్రమాత్రల సంగతి చాలామంది ఇళ్ళల్లోనే తెలీదు. ఇవన్నీ అవసరమై రాసినవే, ఎవరూ సొంతంగా మానకూడదు. అయితే వీటిలో కొన్ని లేచి నిలబడగానే తల తిరిగేలా చేస్తాయి, కొన్ని మత్తుగా ఉంచుతాయి. అందుకని ఒక చిన్న పరీక్ష. అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడటం, లేపి నిలబెట్టి ఒక నిమిషం అయ్యాక ఒకసారి, మూడు నిమిషాలు అయ్యాక ఇంకోసారి చూడటం. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరు దగ్గరికి పంపాలి.

సి బ్లాకు టీచరు గారికి 20 కన్నా ఎక్కువే పడింది. పొద్దున్నే మంచం దిగి పూజకి పువ్వులు కొయ్యబోయి రెండుసార్లు తూలారట, ఎండదెబ్బ అనుకున్నారట. మాత్రల కవరు, మా రిజిస్టరులో అంకెలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఒక మాత్ర మోతాదు తగ్గించారు. కమ్మీ ముట్టుకోకముందే ఒక పని అయింది. టీచరు గారితో పాటు అందరికీ ఫిజియో అమ్మాయి ఒక అలవాటు కూడా చెప్పింది: రాత్రి బాత్రూముకి లేవాలంటే ముందు మంచం అంచున కూర్చోవాలి, పాదాలు కాసేపు పైకీ కిందికీ ఆడించాలి, ఆ తర్వాతే లేవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

తర్వాత మూడు పరీక్షలు. మొదటిది కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడం. 12 సెకన్లు, ఆ పైన పట్టిందంటే జాగ్రత్త పడాలి. మూడో అంతస్తు మామ్మగారికి 17 పట్టింది, అందులో సగం మలుపు దగ్గరే. రెండోది చేతులు గుండెల మీద పెట్టుకుని అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరన్నది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టికలో 70-74 ఏళ్ళ మధ్య మగవాళ్ళకి 12, ఆడవాళ్ళకి 10 కన్నా తగ్గితే కాళ్ళ బలం తక్కువున్నట్టు. అమెరికా పట్టిక మన మోకాళ్ళకి ఎంతవరకు సరిపోతుందని నాకు సందేహమే గానీ, ఎవరి అంకెతో వాళ్ళే పోల్చుకోవడానికి పనికొస్తుంది. మూడోది నిలబడటం: పాదాలు పక్కపక్కన, తర్వాత ఒకటి కాస్త ముందుకి, తర్వాత మడమకి వేలు ఆనించి, ఆఖర్న ఒంటికాలు. ఒక్కోటి పది సెకన్లు. మడమ-వేలు దగ్గర పది సెకన్లు ఆగలేనివాళ్ళకి పడే ముప్పు ఎక్కువ. పోర్టు బాబాయి గారి పేరు ఎదురుగా ఫిజియో అమ్మాయి ఎర్ర పెన్నుతో చుక్క పెట్టింది. ఆయన చూసి చూడనట్టు ఊరుకున్నారు.

ఛాతీ నొప్పి వస్తున్నవాళ్ళు, స్పృహ తప్పి పడ్డవాళ్ళు, గదంతా గిర్రున తిరిగే కళ్ళుతిరుగుడు ఉన్నవాళ్ళు, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరు సరేనన్నాకే రావాలి. ఇద్దర్ని అలా ఆపాం. ఒకాయన అలిగారు.

వినాయక చవితి వెళ్ళాక, వేళ్ళు

క్లాసు ఒక దారిలో పడింది. ముందు కుర్చీలో కూర్చుని పాదాలు ఆడించడం, తర్వాత కమ్మీ పట్టుకుని మడమలు లేపడం, వేళ్ళు లేపడం, కమ్మీ వెంట పక్కకి నడవడం, కుర్చీలోంచి లేవడం. ఇదంతా న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీ వాళ్ళు పెద్దవాళ్ళ కోసం తయారుచేసిన పద్ధతి మీద ఆధారపడిందని ఫిజియో అమ్మాయి చెప్పింది. అందులో చీలమండకి బరువులు కట్టాలి. బజారులో ధర చూసి, పాత జీన్స్ ప్యాంటు కాళ్ళు కోసి, జల్లించిన ఇసుక పాలిథీన్ కవర్లో మూటకట్టి లోపల పెట్టి, టైలరు చేత వెల్క్రో కుట్టించాను. కిరాణా కొట్టు కాటా మీద తూచి అరకిలోవి కొన్ని, కిలోవి కొన్ని. మొదట్లో అరకిలో కూడా అందరికీ ఇవ్వలేదు.

అసలు సాధన మాత్రం చేతి వేళ్ళ దగ్గర ఉంది. ఇది దగ్గర్నుంచి చూస్తే గానీ అర్థం కాదు.

మామ్మగారు మొదట కమ్మీని రెండు చేతులా బిగించి పట్టుకుంటారు. కణుపులు తెల్లబడతాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి. అలా పట్టుకున్నంతసేపు నిలబడుతున్నది చేతులు, కాళ్ళు కావు. వారం తర్వాత ఒక చెయ్యి తీసేశారు. ఆ తర్వాత బొటనవేలు కమ్మీ పైకొచ్చింది, అంటే చుట్టి పట్టుకోవడం లేదు, పైన ఆనించారంతే. అప్పుడు నాలుగు వేళ్ళు. తర్వాత రెండు. ఒక్క చూపుడువేలు మీదకి వచ్చేసరికి నేను పాత సిటీ బస్సు టికెట్ ఒకటి వేలికీ కమ్మీకీ మధ్య పెట్టి మెల్లగా లాగాను. రాలేదు, అంటే ఇంకా నొక్కుతున్నారు. "వదలండి మామ్మగారూ, తాకండి చాలు" అంటే ఆవిడ నా వైపు చూసి, "ఏటి బావూ, ఈ వయసులో ఒంటికాలి మీద నిలబెట్టీసి తపస్సు సేయించెత్తావేటి?" అన్నారు. హాలంతా నవ్వు. ఆ నవ్వులో వేలు తేలికైంది. టికెట్ వచ్చేసింది.

వేలి కొస ఊరికే తాకుతున్నా ఒళ్ళు ఊగడం బాగా తగ్గుతుంది. మోసేంత ఆసరా అక్కర్లేదు, ఒళ్ళు ఏ వైపు ఒరుగుతోందో మెదడుకి కబురు అందితే చాలు. అందుకే కమ్మీ ఉండాలి, అందుబాటులో ఉండాలి, కానీ క్లాసులో ప్రతివారం దాని మీద ఆధారం కొంచెం తగ్గించాలి. ఎవరికైనా పని సులువైపోతే ఫిజియో అమ్మాయి వెంటనే ఒక మెట్టు కష్టం చేస్తుంది. పాదాలు దగ్గరికి జరుపుతుంది, తల పక్కకి తిప్పమంటుంది, చెయ్యి గాల్లోకి తియ్యమంటుంది. ఒళ్ళు కాస్త ఊగుతూ, చీలమండలు సర్దుకుంటూ ఉండాలి. రాయిలా నిలబడగలిగితే ఆ పూట ఏమీ నేర్చుకోనట్టే. కళ్ళు మూసుకుని చేసేవి మాత్రం మూలలో, రెండు వైపులా గోడ ఉన్నచోట, పక్కన మనిషిని పెట్టుకునే. యూట్యూబులో చూసి ఇంట్లో ఒక్కళ్ళూ కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

దసరా ముందు, ముసురు

మూడు రోజులుగా వాన. హాల్లో టైల్స్ చెమ్మ పట్టాయి. పొడిగుడ్డతో తుడిచినా కాసేపటికి మళ్ళీ తడి. ఆ పూటలు కుర్చీలోనే చేయించాం.

ఆడవాళ్ళ చీర కుచ్చిళ్ళ గురించి నాకెప్పుడూ తట్టలేదు. నాలుగో వారంలోనో ఎప్పుడో మామ్మగారు వెనక్కి అడుగు వెయ్యబోయి మడమ కింద కుచ్చిళ్ళు తొక్కారు. కమ్మీ చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది. వయసుతో మనిషి ఒక అంగుళమో రెండంగుళాలో కుంగుతాడు, చీర కట్టే కొలత మాత్రం చేతికి అలవాటైన పాతదే. అప్పట్నుంచి క్లాసుకి చీలమండ పైకి కట్టుకోవాలన్నది రూలు. మగవాళ్ళ లుంగీలకీ అదే రూలు. హవాయి చెప్పులు గుమ్మం దగ్గరే. పాదాలు మొద్దుబారిన షుగర్ పేషెంట్లు మాత్రం వెనక పట్టీ ఉన్న చెప్పులతో, మిగతావాళ్ళు వట్టి పాదాలతో.

వాన ఆగాక నడుస్తూ మాట్లాడటం మొదలుపెట్టాం. స్వీడన్ పరిశోధకులు 1997లో ఒక సంగతి గమనించారు: నడుస్తున్న పెద్దవాళ్ళని పలకరిస్తే, జవాబు చెప్పడానికి ఆగిపోయేవాళ్ళే తర్వాత ఎక్కువగా పడ్డారు. నడకకే బుర్ర మొత్తం ఖర్చవుతున్నదన్నమాట. ఫిజియో అమ్మాయి వంద నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమంది. అది మావాళ్ళకి నచ్చలేదు. టీచరు గారు పదమూడో ఎక్కం మొదలెట్టారు, మామ్మగారు నక్షత్రాలు రేవతి నుంచి వెనక్కి చెప్తూ గడుల్లో అడుగులేశారు. ఉత్తరాభాద్ర, పూర్వాభాద్ర దాకా బాగానే వచ్చి శతభిషం దగ్గర మాటా ఆగింది, కాలూ ఆగింది. పోర్టు బాబాయి గారు వాల్తేరు నుంచి విజయనగరం వైపు స్టేషన్లు వరసగా చెప్పారు. ఆయన కాలు ఆగలేదు. ఆ రోజు ఆయన మొహం చూడాలి.

కార్తీకం

కార్తీకమాసం అంటే చీకటితో లేచి తలస్నానాలు, తడి గచ్చు, దీపాల నూనె చుక్కలు. ఈ నెల పని హాల్లో కన్నా బాత్రూముల్లో ఎక్కువ పడింది. చాలా ఇళ్ళల్లో పట్టుకుని లేచేది తువ్వాలు కడ్డీనో, కుళాయినో. తువ్వాలు కడ్డీ తువ్వాలుకే, మనిషి బరువుకి స్క్రూలతో సహా ఊడి చేతిలోకి వస్తుంది. ఒక ఫ్లాటులో అది ఇదివరకే వదులై ఊగుతోంది, ఇంట్లోవాళ్ళు చూశారు, ఎవరూ పట్టించుకోలేదు.

టైల్ మీద బెజ్జం వెయ్యాలంటే ముందు మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద గుర్తు పెట్టి, హేమర్ ఆపేసి ఒట్టి డ్రిల్లుతో నెమ్మదిగా టైల్ దాటాలి. ఇటుక తగిలాకే హేమర్. టైల్ వెనక డొల్లగా చప్పుడొస్తే అక్కడ వెయ్యకూడదు, జరగాలి. కమ్మీ గోడ రంగులో కలిసిపోకుండా ఉంటే శుక్లాలున్న కళ్ళకి కనిపిస్తుంది. తెల్ల టైల్స్ ఉన్నచోట పట్టుకునే భాగానికి నల్ల గ్రిప్ టేపు చుట్టాను. మెట్ల అంచులకి కూడా అదే పసుపు టేపు, ఎందుకంటే బైఫోకల్ కళ్ళద్దాల్లో కిందికి చూస్తే మెట్టు అంచు మసకబారుతుంది.

కర్రల సంగతీ ఈ నెలే బయటపడింది. కుడి మోకాలు నొప్పి ఉన్నాయన కుడి చేత్తోనే కర్ర పట్టుకుంటున్నారు. నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో ఉండాలి. చెయ్యి వదులుగా వేలాడదీస్తే మణికట్టు మడత దగ్గరికి కర్ర పిడి రావాలి. కింద రబ్బరు బుష్ అరిగి నున్నగా అయితే మార్చాలి. బుష్ కొనడానికి పది చోట్ల తిరగక్కర్లేదు, మెడికల్ షాపులోనే దొరుకుతుంది.

ఒక ఆదివారం పొద్దున్న అందర్నీ ఆటోల్లో ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళాం. కాళీమాత గుడి ఎదురుగా, తడి ఇసుక దాకానే. మన బీచ్‌లో లోపలికి లాక్కుపోయే ప్రవాహాలు ఎలాంటివో ఊళ్ళో అందరికీ తెలుసు, అందుకని చీలమండ దాటి నీళ్ళలోకి ఎవర్నీ పోనివ్వలేదు. ఇద్దరేసి చేతులు పట్టుకుని నిలబడ్డారు. అల వచ్చి వెనక్కి పోతుంటే పాదాల కింద ఇసుక కరిగి మడమలు దిగుతాయి, కళ్ళ ముందు నీళ్ళు సముద్రంలోకి జారుతుంటే మనమే వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది. టీచరు గారు "అమ్మో" అని పక్కావిడ చెయ్యి నొక్కేశారు. ఫిజియో అమ్మాయి అక్కడే పాఠం చెప్పింది. కళ్ళు ఒకటి చెప్తున్నాయి, అరికాళ్ళు ఇంకొకటి, చెవి లోపల ఉండే తూకపు అవయవం మూడోది. ఈ మూడింటిలో ఏది నమ్మాలో మెదడు తేల్చుకోవాలి. దూరంగా కదలకుండా కనిపించే ఓడనో, డాల్ఫిన్స్ నోస్ కొండనో చూడమంది. చూడగానే నిలదొక్కుకున్నారు. క్లాసులో తల తిప్పమని ఎందుకు సతాయిస్తుందో ఆ రోజుకి అందరికీ అర్థమైంది.

సంక్రాంతి దగ్గరపడ్డాక

పడకుండా ఉండటం ఒకటి, పడ్డాక లేవడం ఒకటి. మోకాళ్ళ నొప్పులొచ్చాక చాలామంది నేల మీద కూర్చోవడం మానేసి ఏళ్ళయింది. పడితే ఏ దెబ్బా తగలకపోయినా లేవలేక గంటలకొద్దీ అలాగే ఉండిపోతారు. హాల్లో పరుపు వేసి నేర్పించాం. ముందు కంగారు పడకుండా ఒళ్ళంతా కదిపి చూసుకోవాలి. తర్వాత పక్కకి దొర్లి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ళ మీద కుర్చీ దాకా పాకి, కుర్చీ మీద చేతులాన్చి, బలమైన కాలు పాదం ముందు పెట్టి, లేచి, తిరిగి కూర్చోవాలి. తుంటి దగ్గర విపరీతంగా నొప్పి ఉన్నా, కాలు పొట్టిగానో బయటికి తిరిగినట్టో కనిపించినా లేవడానికి ప్రయత్నించకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి తలకి తగిలితే బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ఫోన్ టేబుల్ మీదుంటే లాభం లేదు. మామ్మగారు రవిక లోపల చిన్న పర్సుతో పాటు ఫోన్ కూడా పెట్టుకుంటున్నారు.

మళ్ళీ పరీక్షలు పెట్టాం. పోర్టు బాబాయి గారు మడమ-వేలు మీద పది సెకన్లు నిలిచారు, ఒంటికాలు మీద ఇంకా తూలుతున్నారు. మామ్మగారి నడక 17 నుంచి 13కి దిగింది. 12 కిందికి రాలేదు గనుక ఆవిడ ఇంకా జాగ్రత్త పడాల్సినవాళ్ళ వరసలోనే ఉన్నారు. షుగరుతో పాదాలు మొద్దుబారినాయనకి అంకెలు దాదాపు కదల్లేదు, ఆయనకి కర్ర, చెప్పులు, ఇంట్లో కమ్మీలు ఎక్కువ మేలు చేస్తాయని ఫిజియో అమ్మాయి అభిప్రాయం. డి బ్లాకు నుంచి వచ్చే ఒకావిడ మేనకోడలి పెళ్ళిలో కార్పెట్ అంచు తట్టుకుని పడ్డారు, మణికట్టు విరిగింది. కట్టు వేసుకునే క్లాసుకొచ్చి కుర్చీలో కూర్చుని కాళ్ళ కసరత్తులు చేస్తున్నారు. ఆవిడ మానేస్తారనుకున్నాం.

ఆపేస్తే ఫలం కొన్ని నెలల్లోనే కరిగిపోతుంది, కాబట్టి పండగ సెలవుల్లోనూ ఇంట్లో చెయ్యాల్సినవి అట్ట మీద రాసి ఇచ్చాం: వంటింటి గట్టు దగ్గర మడమలు లేపడం, కుర్చీలోంచి లేవడం, గట్టు వెంట పక్కకి నడవడం. పొయ్యి వెలిగించి ఉన్నప్పుడు వద్దు అని కింద ఎర్ర అక్షరాలతో.

ఇక మెట్లు. మా బ్లాకుల్లో రెయిలింగ్ ఒకవైపే ఉంది. ఎక్కేటప్పుడు కుడిచేతికి అందేది దిగేటప్పుడు ఎడమకి పోతుంది, పక్షవాతం వచ్చి ఒక చెయ్యే పనిచేసేవాళ్ళు దిగడానికి ఇంకొకళ్ళు కావాలి. రెండోవైపు కూడా వేద్దామని సెక్రటరీ గారే ఈసారి ఎజెండాలో పెట్టారు. ఆటోనగర్‌లో కొలతలిచ్చి వచ్చాను: అదే 38 మిల్లీమీటర్ల పైపు, అదే 34 అంగుళాల ఎత్తు, ల్యాండింగ్ దగ్గర ఎక్కడా తెగకుండా వంపు తిప్పి, ఆఖరి మెట్టు దాటి ఒక అడుగు ముందుకి.